పైన పచ్చిక... కింద బురద!

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకున్నవాళ్లని వానాకాలం గురించి అడిగి చూడండి. చినుకు పడితే చెప్పు దిగబడుతుంది. వాన వెలిశాక కూడా రెండు మూడు రోజులు పెరడు ఆరదు. అదే నేల మే నెలలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది!

గుంటూరు శివార్లలో ఇల్లు కట్టుకున్న మిత్రుడి పరిస్థితీ ఇదే. ఓ రోజు పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టడానికి వెళ్లిన వాళ్లమ్మగారు బురదలో కాలు జారి పడ్డారు. మణికట్టుకి కట్టు కట్టించుకుని నెలన్నర మంచానికి అతుక్కుపోయారు. దాంతో ఆయన గట్టి నిర్ణయమే తీసుకున్నాడు. పెరడంతా కృత్రిమ గడ్డి పరిపించేశాడు. ఇద్దరు కుర్రాళ్లొచ్చారు, పారతో పైపైన చదును చేశారు, చుట్టలు విప్పి పరిచి మేకులు కొట్టారు. పూటలో పని ఐపోయింది. ఇల్లంతా సంబరమే.

జులై వానలకి ఆ సంబరం కాస్తా తడిసిపోయింది. అడుగేస్తే చపచపమంటూ గడ్డిలోంచి నల్లనీళ్లు పైకి ఉబికాయి. పదిహేను రోజులకి వాసన మొదలైంది. అతుకులు లేచాయి. ఓ మూల గుంట, మరో మూల మిట్ట. ఇంతకుముందు బురద కంటికి కనిపించేది, ఇప్పుడు పచ్చగా కనిపించి మరీ జారుతోంది!

తప్పు గడ్డిది కాదు. దాని అడుగున చిల్లులుంటాయి, నీళ్లు దిగుతాయి. దిగి ఎక్కడికి పోవాలన్నదే ఎవరూ ఆలోచించలేదు. అసలు ఈ గడ్డి పుట్టిందే వాన పడని చోట. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో పైకప్పున్న పెద్ద స్టేడియం కట్టి లోపల మామూలు గడ్డే వేశారు. కప్పు అద్దాల మెరుపుకి బంతి కనిపించడంలేదని ఆటగాళ్లు మొత్తుకుంటే వాటికి రంగేశారు. వెలుతురు లేక గడ్డి చచ్చిపోయింది. 1966లో ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిచారు. అది వెలుతురు లేమికి మందు. నీటి నిల్వకు కాదు.

నీళ్లెందుకు దిగవంటే...

మిల్లీమీటరును 500 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కకన్నా చిన్నది బంకమట్టి రేణువు. ఇసుకనేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీళ్లు తాగేస్తుంది. బంకనేల బాగా తడిశాక 1 నుంచి 5 మిల్లీమీటర్లు తాగితే గొప్ప. మన రేగడైతే తొలకరి నీళ్లని నెర్రెల్లోకి గటగటా తాగి, ఉబ్బి, ఆ నెర్రెల్నే మూసేసుకుంటుంది. ఆ తర్వాత పడిందంతా పైనే.

ఇప్పుడో లెక్క చూద్దాం. పెరడు 300 చదరపు అడుగులు అనుకోండి. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే అందులో పడేది సుమారు 1,400 లీటర్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడే నీళ్లు 4,600 లీటర్లు. మన ఇళ్లలో డాబా తూము గొట్టం ఎక్కడ వదిలేస్తాం? ఆ పెరట్లోనే! అంటే మొత్తం ఆరువేల లీటర్లలో పెరటి వాటా పావు వంతు కూడా లేదు. మేస్త్రిని పిలిచే ముందు ఆ గొట్టాన్ని వీధి కాలువకో సంపులోకో మళ్లించండి. చాలా ఇళ్లలో సగం రోగం అక్కడే కుదురుతుంది.

ఇంకో చిన్న పరీక్ష. అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. తెల్లారేసరికి నీళ్లు అలాగే ఉంటే మీ నేల మీద ఆశ వదులుకుని, నీటికి వేరే దారి చూపించాల్సిందే.

పని కిందనుంచి మొదలు

మిత్రుడు ఆ గడ్డినంతా పీకించి, నేల ఆరేదాకా ఆగి, మళ్లీ చేయించాడు. ఆగడం ముఖ్యం. తడి రేగడిని తవ్వి తొక్కితే ఇంకా బిగుసుకుపోతుంది. ముందు అయిదారంగుళాల మట్టి తీయించాడు. లెవెల్ పైపు పట్టి, మీటరుకు సెంటీమీటరు చొప్పున ఇంటి గోడనుంచి అవతలికి వాటం ఇప్పించాడు. పల్లపు అంచున అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వి, చిల్లులున్న పీవీసీ పైపు వేసి, చుట్టూ కంకర నింపించాడు. ఆ పైపు చివర వీధి కాలువలో కలుస్తుంది. తవ్విన నేల మీద నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి పరిచారు. జియోటెక్స్‌టైల్ అంటారు. అది లేకపోతే రెండు వానాకాలాల్లో కంకరంతా రేగట్లోకి దిగిపోతుంది. దానిమీద నాలుగంగుళాలు కడిగిన కంకర, ఆ పైన అంగుళం చిప్స్. క్వారీ డస్టు చవక కదాని మందంగా పోయించుకుంటే, ఆ పొడి గట్టిపడి నీళ్లని మళ్లీ ఆపుతుంది. గడ్డి అన్నిటికన్నా చివర!

ఇంకుడు గుంత తవ్వుకోవచ్చు కదా అంటారా? కింద మొరం పొర అందితే మంచిదే, అదీ పునాదికి దూరంగా. రేగట్లోనే ఆగిపోయిన గుంత నీళ్లతొట్టిలా నిండి కూర్చుంటుంది. గోడ పక్కనైతే రేగడి ఉబ్బి గోడలు బీటలిస్తాయి.

నన్నడిగితే ఇంత చేశాక గడ్డి లేకపోయినా ఫర్వాలేదంటాను. కంకర మీద నాపరాళ్లు ఎడంఎడంగా వేసుకున్నా కాలికి బురదంటదు. పైగా నడివేసవి ఎండలో ప్లాస్టిక్ గడ్డి 60 డిగ్రీలు దాటి కాలుతుంది. పసిపిల్లలు చెప్పుల్లేకుండా అడుగుపెట్టలేరు. అరిగేకొద్దీ ప్లాస్టిక్ పొడి వానతోపాటు కాలువల్లోకి పోతుంది. ఆటస్థలాల గడ్డిలో చల్లే రబ్బరు గుళికల అమ్మకాన్ని 8 ఏళ్ల గడువిచ్చి ఆపాలని యూరోపియన్ యూనియన్ 2023లో నిర్ణయించింది కూడా.

మిత్రుడూ చివరికి వరండా ముందు నీడపట్టునే గడ్డి వేయించాడు. తులసికోట దాకా నాపరాళ్ల బాట. దాని పక్క జాగాలోనూ పరిచేస్తానంటే వాళ్లమ్మగారు పడనివ్వలేదు. ‘‘వినాయకచవితికి గరిక ఎక్కణ్నుంచి తెస్తావురా?’’ అన్నారట.