ఆలయం కూలినా ఆగని పారాయణం

దేవాలయమే లేనినాడు ఆరాధన దేనిని ఆశ్రయించి నిలుస్తుంది? యూదుల చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేములోని వారి దేవాలయాన్ని ధ్వంసం చేసింది. దానితో అక్కడి బలులు, నైవేద్యాలు ఆగిపోయాయి. అప్పుడు యోహానాన్ బెన్ జక్కై అనే పండితుడు యవ్నె పట్టణంలో శాస్త్రాధ్యయనాన్ని నిలబెట్టాడు. బలుల స్థానంలో నిత్యప్రార్థన, గ్రంథాధ్యయనం ప్రధానమయ్యాయి.

వారి పరమ పవిత్ర గ్రంథం తోరా. ప్రార్థనామందిరమైన సినగాగులో పఠించే ప్రతిని నేటికీ చర్మపత్రంపై చేతితోనే లిఖిస్తారు. అందులో 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం లోపించినా, సరిదిద్దేవరకు ఆ ప్రతి పారాయణకు పనికిరాదు. అచ్చుల గుర్తులు గాని, స్వరచిహ్నాలు గాని అందులో ఉండవు. పఠించేవారు వాటిని ముందే అభ్యసించి రావాలి. ఉచ్చారణలో దోషం దొర్లితే పక్కన నిలిచినవారు వెంటనే సరిచేస్తారు. జీర్ణమైన ప్రతిని పారవేయరు. శ్మశానవాటికలో భక్తితో ఖననం చేస్తారు.

ఏటా సిమ్హత్ తోరా పండుగనాడు చివరి అధ్యాయం ముగించి, ఆ వెంటనే మొదటి అధ్యాయం ఆరంభిస్తారు. పందొమ్మిది శతాబ్దాలకు పైగా ఆలయం లేకున్నా ఆ వాక్కు మూగవోలేదంటే, ఈ అధ్యయననిష్ఠయే కారణమని గ్రహించండి.