కూరకు తోడుగా ముద్ద

మన సరిహద్దు పల్లెలలో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉన్నదని తెలియగానే ఇరుగుపొరుగువారు చెప్పే మాట ఒక్కటే: "అన్నం మానండి, రాగి సంగటి తినండి." జూజువాడిలోని మా ఇంట కూడా అదే జరిగింది. మా నాన్నగారు అన్నం పూర్తిగా మాని, పూటకు రెండు ముద్దల సంగటి తినసాగారు. మూడు నెలల తరువాత రక్తపరీక్ష చేయించగా చక్కెర తగ్గలేదు. నోరు కట్టుకొన్నా ఫలితం లేదని ఆయన ఎంతో బాధపడ్డారు. లోపం ఆయన నిష్ఠలో లేదు, లెక్కలో ఉన్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థాలు ఉన్నాయి. అంతే తూకం రాగులలో సుమారు 67 గ్రాములు ఉన్నాయి. రాగులలో పీచు, కాల్షియం ఎంతో ఎక్కువ కనుక అవి మేలైన ధాన్యమే. అయితే పిండిపదార్థం ఏ ధాన్యంలోనిదైనా జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలోనే చేరుతుంది. పిండిని సన్నగా జల్లించి పొట్టు పారవేస్తే పీచు కూడా చాలవరకు పోతుంది. కాబట్టి ధాన్యం మార్చినంత మాత్రాన చాలదు, కొలత కూడా తగ్గాలి.

మన తాతలు రెండు ముద్దలు తిని పగలంతా పొలం దున్నేవారు. నేడు వారి మనుమలు హోసూరు సిప్‌కాట్ కర్మాగారాలలో యంత్రాల ముందు నిలబడి పనిచేస్తున్నారు. శ్రమ తగ్గింది, ముద్ద మాత్రం తగ్గలేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో తమిళనాడు పెద్దలలో నూటికి 14 మందికి పైగా ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది.

ఇందుకు ఇంటిలోనే చేయదగిన ఉపాయం ఒకటి ఉన్నది. ముద్దకు కూర నంజుకొనుటకు బదులు, కడుపు నిండా కూర తిని దానికి తోడుగా నారింజపండంత ముద్ద తినడమే ఆ ఉపాయం. నలుగురికి సరిపడే మూడు వంటలు ఇక్కడ ఇస్తున్నాను.

క్యాబేజీ గుడ్డు పొరటు: రెండు చెంచాల నూనెలో ఆవాలు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు వేయించాలి. సన్నగా తరిగిన అరకిలో క్యాబేజీ, పసుపు, ఉప్పు వేసి మూతపెట్టి మగ్గనివ్వాలి. నీరు ఇగిరిన తరువాత ఆరు గుడ్లు కొట్టిపోసి కలియబెట్టాలి. ఒక్కొక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పిండిపదార్థం దాదాపు లేదు.

మునగాకు పెసల కూర: మొలకెత్తిన పెసలు రెండు గ్లాసులు మెత్తబడేవరకు ఉడికించాలి. తాలింపులో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, నాలుగు గుప్పిళ్ళ మునగాకు వేయించి, పెసలు కలిపి, రెండు చెంచాల వేరుశనగ పొడి చల్లాలి. పెసలలోనూ పిండిపదార్థం ఉన్నది కనుక ఈ కూర వండిననాడు ముద్దను ఇంకా చిన్నది చేసుకోవాలి.

సొరకాయ కోడికూర: ముప్పావు కిలో కోడిమాంసాన్ని అల్లం, వెల్లుల్లి, మసాలాతో వేయించి సగం ఉడికిన పిమ్మట అరకిలో సొరకాయ ముక్కలు వేయాలి. బంగాళాదుంప వేయరాదు.

ఏ కూరనైనా ముందు కొంత తిని, ఆ తరువాతే ముద్ద ముట్టుకోవాలి. అలా చేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

ఒక హెచ్చరిక. చక్కెర మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ముద్ద హఠాత్తుగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయి, చెమటలు పట్టి కళ్ళు తిరగవచ్చు. అటువంటివారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతే మార్పు చేసుకోవాలి. పెరిగే పిల్లలకు, గర్భిణీలకు ఈ పద్ధతి పెట్టరాదు. ఇంటికే వచ్చి పరీక్షచేసి మాత్రలు ఇచ్చే 'మక్కళైత్ తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మన జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభమయింది. ఆ కార్యకర్తలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించుటకు సంకోచించవద్దు.

"కూరతో కడుపు నిండుతుందా?" అని మా అమ్మగారు మొదట గొణిగారు. వైద్యుని సలహాతో నాన్నగారు పూటకు ఒక చిన్న ముద్దకు వచ్చారు. ఆ తరువాతి పరీక్షలో చక్కెర తగ్గింది. ఇప్పుడు మా ఇంట పెద్ద గిన్నె కూరకు, చిన్న గిన్నె సంగటికి.