మోటారుసైకిలు యంత్రమునకు తగిన వేడి

మోటారుసైకిలు సిలిండరులో పెట్రోలు మండునపుడు పుట్టు జ్వాల క్షణకాలము 2000 డిగ్రీల సెల్సియస్‌ను మించుననియు, ఆ జ్వాలను చుట్టియున్న అల్యూమినియము 660 డిగ్రీలకే కరగుననియు ఏకకాలమున స్మరించినచో, శీతలీకరణ వ్యవస్థ యంత్రమునకు ప్రాణరక్షకమని బోధపడక మానదు.

అయినను యంత్రము మిక్కిలి చల్లగా నుండుటయు మేలు కాదు. అట్టి స్థితిలో నూనె చిక్కగా నుండి, పెట్రోలు సరిగా ఆవిరి కాక, అరుగుదల హెచ్చును. కనుకనే ద్రవశీతల యంత్రములలో థర్మోస్టాట్ అను కవాటము, కూలెంటు అను శీతలద్రవము సుమారు 80 డిగ్రీలకు చేరువరకు దానిని రేడియేటరు వైపు పోనీయక, పిమ్మట మార్గము విడుచును; ట్రాఫిక్కులో బండి నిలిచి గాలి ఆడనపుడు, 100 డిగ్రీల ప్రాంతమున ఫ్యాను తిరుగనారంభించును.

రేడియేటరు మూత ఒత్తిడిని నిలిపియుంచుటచేతను, నీటితో గ్లైకాలు కలిసియుండుటచేతను, ఆ ద్రవము 100 డిగ్రీలు దాటినను మరుగదు. వేడిమీద మూత తెరచినచో ఒత్తిడి తొలగి, అది తటాలున మరిగి ముఖముపై చిమ్మును గావున, యంత్రము పూర్తిగా చల్లారువరకు మూతను ముట్టరాదు. కూలెంటు తగ్గినదని బోరునీరు పోయుట తగదు. అందలి లవణములు సన్నని గొట్టములలో గారకట్టి, వేడి పోవు దారిని మూసివేయును. తయారీదారు చెప్పిన గడువున కూలెంటు మార్చి, రేడియేటరు రెక్కలలోని దుమ్మును, పురుగులను మెత్తని నీటిధారతో కడుగవలెను.

మన వీథులలో విశేషముగా తిరుగు గాలిశీతల యంత్రములకు రేడియేటరు లేదు. సిలిండరు రెక్కలును, ఇంజను ఆయిలును ఆ భారము వహించును గనుక, రెక్కలపై బురద పేరుకొననీయక, ఆయిలును సకాలమున మార్చుటయే వాని చోదకులకు ముఖ్యవిధి. ఉష్ణోగ్రతను హెచ్చరించు ఎర్రదీపము గల బండ్లలో అది వెలిగినంతనే ఇంజనును ఆపుట కర్తవ్యము. గమ్యము చేరువలోనే యున్నదని సాగిపోవుట పిస్టనును సిలిండరునకు పట్టివేయించు సాహసము.