తన్నిన డెక్ కాలి కిందకే ఎందుకొస్తుంది?

కిక్ స్కూటర్ మీద కుర్రాడు గాల్లోకి లేస్తాడు. నిలబడే పలకని, అంటే డెక్‌ని కాలితో పక్కకి తన్నుతాడు. అది గిర్రున ఒక చుట్టు చుట్టి మళ్ళీ కాళ్ల కిందకే వస్తుంది. ఈ విన్యాసం పేరు టెయిల్‌విప్. "డెక్ తిరుగుతుంది సరే, తన్నినవాడు ఎందుకు తిరగడు?" అని పొందూరు నుంచి హైస్కూలు పాఠకుడొకరు అడిగారు. రాట్నాల ఊరి నుంచి తిరుగుడు మీద ప్రశ్న వస్తే పక్కన పెట్టగలనా! జవాబు ముందే చెప్పేస్తాను: తన్నినవాడూ తిరుగుతాడు.

స్టంట్ స్కూటర్‌కి మడత ఉండదు, హ్యాండిల్‌కి బ్రేకు తీగ ఉండదు. హ్యాండిలూ ముందు చక్రమూ ఒక భాగం, డెక్కూ వెనక చక్రమూ ఇంకో భాగం, మధ్యలో బేరింగులు. 20 సెంటీమీటర్లు ఎగిరితే గాల్లో ఉండేది 0.4 సెకను. ఆ లోపల చుట్టు పూర్తి కావాలి. బేరింగుకి అర మీటరు దూరాన ఉన్న వెనక చక్రం గంటకు 28 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుందన్నమాట. నేర్చుకునేవాళ్ల చీలమండలు వాచేది అందుకే.

స్కేటింగ్ అనగానే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం (బయటి ఊతం లేకుండా తిరుగుడు మొత్తం మారదనే సూత్రం) చెప్పి ఊరుకుంటారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన అనూప్ కుమార్ యామ లాంటి స్కేటర్ చేతులు ముడుచుకుంటే వేగం పెరగడానికి ఆ వివరణ చాలు. ఇక్కడ చాలదు. ఎగిరే క్షణానికి మనవాడు తిరగడమే లేదు, అతని కోణీయ ద్రవ్యవేగం సున్నా. గాల్లో తన్నినా మొత్తం సున్నాగానే ఉండాలి. కాబట్టి డెక్ కుడికి తిరిగితే ఒళ్లు ఎడమకి తిరగాల్సిందే. ఒంటి జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి చూపే మొండితనం, డెక్‌కి పది రెట్లు అనుకుందాం. ఒంటి మీదనుంచి చూస్తే డెక్ నిండు చుట్టు తిరిగేసరికి ఒళ్లు 33 డిగ్రీలు ఎదురు తిరిగి ఉంటుంది. డెక్ ఆగగానే ఒళ్లూ ఆగుతుంది. కానీ ఆ 33 డిగ్రీలు వెనక్కి రావు! అన్నీ మొదటి స్థితికే వచ్చాయి, మనిషి మాత్రం వేరే దిక్కు చూస్తున్నాడు.

ఇక్కడే మహామహులు బోల్తా పడ్డారు. తలకిందులుగా వదిలిన పిల్లి కాళ్ల మీదే ఎలా దిగుతుంది? వదిలే చేతిని తన్ని అది ఊపు తెచ్చుకుంటుందని 19వ శతాబ్దపు పండితుల నమ్మకం. సున్నా కోణీయ ద్రవ్యవేగంతో ఏ వస్తువూ తనంతట తాను దిక్కు మార్చుకోలేదని వాళ్ల వాదం. 1894లో ఎటియెన్ జూల్ మారే వరస ఫొటోలు తీసి ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. పిల్లి ఏ ఊతమూ లేకుండానే తిరిగింది. ముందు సగం ఒకలా, వెనక సగం ఇంకోలా మెలితిప్పుకుంటే చాలు. కేన్, షెర్ అనే ఇద్దరు 1969లో దీనికి పకడ్బందీ లెక్క కట్టారు. సూత్రం తప్పు కాదు, దాన్ని చదివిన తీరు తప్పు. టెయిల్‌విప్ కొట్టే పిల్లాడు ఆ పిల్లికి చుట్టమే.

మరి ఆరితేరినవాళ్లు తిన్నగా ఎలా దిగుతారు? నేల వదిలే ముందే నడుమును డెక్ తిరగబోయే వైపుకి కాస్త విసురుతారు. ఆ ఊపు నేల ఇచ్చిన అప్పు, మొత్తం ఇక సున్నా కాదు. పైగా చేతులు ఊరుకోవు. హ్యాండిల్‌ని చిన్న సున్నాలా తిప్పుతాయి. జొన్నచేను కాపరి వడిసెల తిప్పినట్టే: చెయ్యి తిరిగేది జానెడు, రాయి తిరిగేది బారెడు. తన్నుడు చాలకపోయినా చేతులు ఆ లోటు పూడుస్తాయి. "గట్టిగా తన్ను" అనే సలహా సగమే నిజం.

ఉపయోగమేమిటని అడిగేవాళ్లుంటారు. పడిపోయే పిల్లి అంతరిక్షంలో వ్యోమగాములు ఒళ్లు తిప్పుకోవడానికి దారి చూపింది, అది చాలదా? ఒక్కమాట మాత్రం చెప్పాలి. బజారులో దొరికే మడత స్కూటర్ ఈ పనికి కాదు, ఎగిరి దిగితే మడత దగ్గర విరగొచ్చు. దాని మీదే పిల్లల చేత గెంతించే పెద్దల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. హెల్మెట్ పెట్టండి, ముందు గడ్డి మీద డెక్‌ని తన్ని పట్టుకోవడం నేర్పండి.