నీళ్లలో చేప ఎక్కడుంది?

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరం వైపు తిరిగి పారుతుంది. అందుకే అక్కడ దానిని ఉత్తర వాహిని అంటారు. ఒడ్డు ఊళ్లలో చేపలు పట్టి బతికేవాళ్లు ఉన్నారు. కొందరు వల వేస్తారు. కొందరు గాలం వేస్తారు. తక్కువ నీళ్లలో బల్లెంతో పొడిచి పట్టడం కూడా ఒక పద్ధతి.

ఒక అత్త, ఒక కోడలు ఉన్నారనుకోండి. కోడలు మొదటిసారి బల్లెం పట్టింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. చేప కనిపించింది. గురి చూసి పొడిచింది. బల్లెం ఇసుకలో దిగింది. చేప పోయింది.

"గురి మంచిగనే చూసిన గదా అత్తమ్మా!" అన్నది కోడలు.

"నీకు కనబడ్డ కాడ చేప లేదు బిడ్డా. ఇంకా కిందికున్నది" అన్నది అత్త.

అత్త మాట నిజమేనా? ఇంట్లోనే చూడవచ్చు.

గిన్నెలో రూపాయి బిళ్ళ

ఒక గిన్నెలో రూపాయి బిళ్ళ వేయండి. గిన్నెను చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. బిళ్ళ కనిపించకుండా పోయిన చోట ఆగండి. ఇప్పుడు ఇంకొకరిని గిన్నెలో నీళ్లు పోయమనండి. బిళ్ళ మళ్లీ కనిపిస్తుంది!

బిళ్ళ కదలలేదు. మీరూ కదలలేదు. వెలుతురు నీళ్లలో నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగింది. వంగి మీ కంటికి చేరింది. కానీ అది తిన్నగా వచ్చిందనే కన్ను అనుకుంటుంది. అందుకే బిళ్ళ పైకి లేచినట్లు కనిపిస్తుంది. చేప కూడా అంతే.

పైనుంచి చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులలాగే ఉంటుంది. పక్క నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి కనిపించే చేపకు కొంచెం కిందికి గురి పెట్టాలి. ఎంత కిందికి? అది అలవాటు మీద వస్తుంది. మొదట చేప మీద కాదు, ఆలుగడ్డ మీద నేర్చుకోవాలి. ఆలుగడ్డ నీళ్లలో మునుగుతుంది, పారిపోదు. బల్లెం మొనను ముందే నీళ్లలో ముంచి ఉంచితే ఇంకా సులువు. అప్పుడు మొన కూడా చేపలాగే పైకి కనిపిస్తుంది. రెండింటినీ కలిపి చూసి పొడవవచ్చు.

అదే మోసం ప్రాణం తీస్తుంది

చేప పైకి కనిపించినట్లే నది అడుగు కూడా పైకి కనిపిస్తుంది. "నడుము లోతే ఉన్నది" అనుకుని దిగుతారు. అది ఛాతీ లోతు ఉంటుంది. ఇసుక తీసిన చోట గుంతలు ఉంటాయి. ఒక అడుగు ఇసుక మీద పడుతుంది. రెండో అడుగు గుంతలో పడుతుంది.

కోడలు ముందుకు పోబోయింది. అత్త చెయ్యి పట్టి ఆపింది.

"కండ్లతోని లోతు చూడకు బిడ్డా. కట్టెతోని చూడు."

కొత్తగా నేర్చుకునేవాళ్లు మోకాలి లోతు దాటవద్దు. ప్రతి అడుగుకూ ముందు కర్రతో లోతు చూడాలి. బురద నీళ్లలో దిగవద్దు. ఒంటరిగా పోవద్దు. ఒడ్డున ఒకరు తాడు పట్టుకుని ఉండాలి. ఎవరైనా మునిగితే ఈత రానివాళ్లు దూకవద్దు. తాడు గానీ, చీర గానీ, మూత పెట్టిన ఖాళీ డబ్బా గానీ విసరాలి. 108కి ఫోన్ చేయాలి.

గేట్లు, మొసళ్లు

చెన్నూరుకు ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే కింద నీళ్లు పెరుగుతాయి. ఇక్కడ చినుకు పడకపోయినా, పైన వాన పడితే వరద వస్తుంది. 2022 జూలైలో పెద్ద వరద వచ్చింది. మంచిర్యాలలో ఇళ్లు కూడా మునిగాయి. గేట్లు ఎత్తుతున్నారని చాటింపు వింటే నదికి పోవద్దు. నదిలో ఉండగా నీళ్ల రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా వెంటనే ఒడ్డెక్కాలి.

జైపూర్ మండలంలో శివ్వారం దగ్గర గోదావరిలో మొసళ్ల అభయారణ్యం ఉంది. అనుమతి లేకుండా అక్కడ చేపలు పట్టడం నేరం. మొసలి తిరిగే మడుగులో ఎవరూ దిగవద్దు. పొద్దుగూకిన తర్వాత అసలే వద్దు.

బల్లెం పట్టేటప్పుడు

బల్లెం విసరవద్దు. చేతిలోనే పట్టుకుని పొడవాలి. అది తన కాలికి దూరంగా, మనుషులు లేని వైపు దిగాలి. పక్కన ఇంకొకరు ఉంటే ఇద్దరి మధ్య రెండు బల్లేల దూరం ఉండాలి. నడిచేటప్పుడు మొనకు తొడుగు వేయాలి. పిల్లలకు అందనివ్వవద్దు.

బల్లెం ఒంట్లో లోతుగా దిగితే లాగవద్దు. లాగితే నెత్తురు ఎక్కువ పోతుంది. కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

జెల్ల చేపకు వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కలా రెండు ముండ్లు ఉంటాయి. కుచ్చుకుంటే బాగా సలుపుతుంది. సబ్బుతో కడగాలి. ఓర్చుకునేంత వేడి నీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రిలో చూపించి టీటీ సూది వేయించుకోవాలి.

రేపటికీ చేపలుండాలె

తొలి వానలకు చెరువు మత్తడి దుంకుతుంది. చేపలు ఎదురెక్కుతాయి. వాటి కడుపు నిండా గుడ్లుంటాయి. వాటిని పొడిస్తే వచ్చే ఏడు చేపలు తగ్గుతాయి. కొర్రమీను తన పిల్లల గుంపుకు కాపలా ఉంటుంది. దానిని చంపితే ఆ పిల్లలకు దిక్కు ఉండదు.

కొందరు నీళ్లలో కరెంటు తీగ వేస్తారు. ఆ కరెంటు చేపనూ మనిషినీ వేరు చేసి చూడదు. కొందరు తోటాలు పేలుస్తారు, విషం కలుపుతారు. ఈ రెండూ నేరమని 1897లోనే చట్టం వచ్చింది.

చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది అయితే, ముందు సంఘాన్ని అడగాలి.

ఆ రోజు కోడలు చేప పట్టలేదు. మూడు ఆలుగడ్డలు పొడిచింది. "ఇయ్యాల్టికి చాలు బిడ్డా. ఇద్దరం ఇంటికి పోతున్నం గదా!" అన్నది అత్త.

గుర్తుంచుకోండి

- చేప కనిపించే చోటుకన్నా కిందికి ఉంటుంది.
- నది అడుగు కూడా కనిపించేదానికన్నా లోతుగా ఉంటుంది.
- కర్రతో లోతు చూడాలి. జంటగా పోవాలి.
- గేట్ల చాటింపు వింటే నదికి పోవద్దు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి దగ్గర నదిలో, చెరువులో గుంతలు ఎక్కడ ఉన్నాయి?
2. గేట్లు ఎత్తే సంగతి మీ ఊరికి ఎలా తెలుస్తుంది?
3. బిళ్ళ ఆటను ఎవరికి చూపించారు? వాళ్లు ఏమన్నారు?