మండలం సైజులో ఒక దేశం: మాల్టా గురించి ఫ్లైట్ ఎక్కేముందే తెలియాల్సినవి

ఈరోజు ఎపిసోడ్ మాల్టా మీద. "యూరప్‌లో జాబ్, ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు, మూడు నెలల్లో వీసా" అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లలో ఈ పేరు మీరు ఎక్కడోకచోట చూసే ఉంటారు. డెలివరీ జాబ్ అంటారు, హోటల్ జాబ్ అంటారు, కేర్‌టేకర్ అంటారు. జాబ్ గురించి అందరూ చెప్తారు గానీ అసలు ఆ దేశం ఏంది, ఎంతుంటుంది, అక్కడ ఎవరుంటారు, ఎవరు ఏలతారు అనేది ఎవరూ చెప్పరు. అవి తెలియకుండా లక్షలు కట్టకూడదు. అందుకే ముందు దేశం, తర్వాత ప్రజలు, తర్వాత ప్రభుత్వం, చివర్లో వీసా సంగతి. మధ్యలో స్కిప్ చేస్తే చివరిది అర్థం కాదు, ముందే చెప్తున్నా.

మొదట సైజు.

మాల్టా మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. ఇది ఎంతో ఊహకి అందాలంటే మన జిల్లా లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు 28 మండలాలు, సుమారు 7,300 చదరపు కిలోమీటర్లు. అంటే సగటున మండలానికి 260. మాల్టా అంటే ఒక మండలం, ఇంకో పావు మండలం. అంతే దేశం! మన జిల్లాలో అట్టాంటివి 23 పడతాయి.

ఆ కాస్త జాగాలో 2021 జనాభా లెక్కల ప్రకారం 5,19,562 మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకి దాదాపు 1,650 మంది. మన పల్నాడులో 2011 లెక్కల ప్రకారం 280 మంది. అందుకే అక్కడ అద్దెలు మండిపోతాయి. ఒక ఫ్లాట్‌లో ఆరుగురు, ఎనిమిదిమంది సర్దుకుని ఉంటున్నారనే మాటలు మీరు వినేది ఇందుకే. జీతం యూరోల్లో వస్తుంది, నిజమే. అద్దె కూడా యూరోల్లోనే పోతుంది.

మ్యాప్‌లో ఎక్కడుందంటే, మధ్యధరా సముద్రం నడిమధ్యలో. ఉత్తరాన ఇటలీకి చెందిన సిసిలీ దీవి, సుమారు 90 కిలోమీటర్లు. దక్షిణాన ఆఫ్రికా, లిబియా. జనం ఉండేవి మూడు దీవులు: మాల్టా, గోజో, కొమినో. కొమినోలో ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రాజధాని వాలెట్టా. దాని విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు. పది, పదిహేను నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచిపోవచ్చు.

ఇప్పుడు భూమి సంగతి. ఇక్కడ మన పల్నాడోళ్లకి మాల్టా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది కూడా సున్నపురాయి నేలే. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల క్వారీలు మనం చూస్తూ పెరిగినవే. అమరావతి స్తూపం మీద శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాయి మీదే. మాల్టా కూడా అంతే. ఇల్లు, గుడి, కోట, గోడ అన్నీ లేత పసుపు రంగు సున్నపురాయే. గోజో దీవిలో జిగంతియా అనే రాతి ఆలయాలు ఉన్నాయి. వాటి వయసు ఐదు వేల ఏళ్లకు పైనే, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి.

రాయి ఉంది సరే, నీళ్లో? అసలు సమస్య ఇదే. మాల్టాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేదు. పెద్ద చెరువు లేదు, పెద్ద కొండలు కూడా లేవు. అన్నిటికన్నా ఎత్తైన చోటే 253 మీటర్లు. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల లోపే, అది కూడా ఎక్కువగా చలికాలంలో.

మనకి కృష్ణ పక్కనే పారుతున్నా, నాగార్జునసాగర్ కట్టి 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్లు వదిలేదాకా కుడికాలువ కింది పొలాలన్నీ వాన మీదే బతికాయి. పెద్దోళ్లని అడగండి, చెప్తారు. మాల్టాకి ఆ కృష్ణ కూడా లేదు. మరి ఎట్టా బతికారు? మూడు పనులు చేశారు.

ఒకటి, వాన నీళ్లు దాచడం. వాలెట్టా కట్టేటప్పుడే ప్రతి ఇంటి కిందా రాతిలో తొలిచిన నీటి తొట్టి ఉండాలని రూల్ పెట్టారు. రెండు, 1610 నుంచి 1615 వరకు ఊటలున్న ఎత్తైన ప్రాంతం నుంచి వాలెట్టాకి 15 కిలోమీటర్లకు పైగా రాతి కాలువ కట్టారు. కొంత నేల కింద, కొంత కమానుల మీద. ఆ కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మూడు, 1980ల మొదట్లో సముద్రపు నీటినే తాగునీరుగా మార్చే ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టారు. మన ఊళ్లో 20 లీటర్ల క్యాన్ నింపే ఆర్‌ఓ ప్లాంటు ఎట్టా పనిచేస్తుందో అదే టెక్నాలజీ, దేశం మొత్తానికి. ఇవాళ అక్కడి కుళాయి నీళ్లలో సగానికి పైగా సముద్రం నుంచి వచ్చినవే. దానికి కరెంటు బాగా కావాలి. 2015 నుంచి సిసిలీతో సముద్రం అడుగున కరెంటు కేబుల్ కూడా ఉంది. మన దగ్గర నీళ్లు కాలువకి వదిలితే వస్తాయి. వాళ్లకి స్విచ్ వేస్తే వస్తాయి.

ఇక ప్రజలు.

సముద్రం మధ్యలో, మంచి ఓడరేవుతో ఉన్న దీవి అంటే అందరి కన్నూ దాని మీదే. ఫినీషియన్లు, రోమన్లు, 870లో అరబ్బులు, 1091లో నార్మన్లు, 1530 నుంచి సెయింట్ జాన్ నైట్లు, 1798లో నెపోలియన్, 1800 నుంచి బ్రిటిషోళ్లు. నైట్లు అంటే క్రైస్తవ సన్యాసి సైనికులు. 1565లో ఒట్టోమాన్ సైన్యం నెలల తరబడి ముట్టడిస్తే వీళ్లు తట్టుకుని నిలబడ్డారు. మరుసటి ఏడాదే కొత్త కోట నగరం మొదలుపెట్టి, నాయకుడు వాలెట్ పేరు మీద వాలెట్టా అన్నారు.

ఇంతమంది వచ్చి పోతే భాష ఏమైందో చూడండి. ఈ టాపిక్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. మాల్టీస్ భాషకి మూలం అరబిక్. కానీ రాసేది ఇంగ్లిష్ లాగా రోమన్ అక్షరాల్లో. ఇటాలియన్ మాటలు బోలెడు కలిసిపోయాయి. ప్రపంచాన్ని వాళ్లు 'దిన్యా' అంటారు. మనకి ఉర్దూ నుంచి వచ్చిన 'దునియా' అదే. పుస్తకం 'క్తీబ్', మన 'కితాబు'. దేవుణ్ని 'అల్లా' అనే పిలుస్తారు, పిలిచేది మాత్రం చర్చిలో! ఎందుకంటే అక్కడ ఎక్కువమంది క్యాథలిక్కులు, రాజ్యాంగంలోనే అది దేశ మతం. విడాకుల చట్టం కూడా 2011లో ప్రజల ఓటు పెట్టాకే వచ్చింది.

ఇంగ్లిష్ కూడా అధికార భాషే. కార్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. బ్రిటిష్ పాలన వదిలివెళ్లినవి ఇవి. మనోళ్లు అక్కడికి ఈజీగా వెళ్లిపోవడానికి ఇంగ్లిషే పెద్ద కారణం. 2021 లెక్కల్లో అక్కడుండే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా విదేశీయులు. వాళ్లలో ఇటాలియన్లు, బ్రిటిషర్ల తర్వాత మూడో స్థానం ఇండియన్లదే.

ఇప్పుడు ప్రభుత్వం. కాస్త శ్రద్ధగా వినండి.

1964 సెప్టెంబర్ 21న స్వాతంత్ర్యం వచ్చింది, 1974 డిసెంబర్ 13న రిపబ్లిక్ అయింది, 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2008 నుంచి కరెన్సీ యూరో. మనలాగే ప్రెసిడెంట్ గౌరవ పదవి, అసలు పవర్ ప్రధానిది. రాష్ట్రాలు, జిల్లా కలెక్టర్లు ఇట్టాంటి మెట్లు లేవు. పైన పార్లమెంటు, కింద 68 లోకల్ కౌన్సిళ్లు, మన పంచాయతీల్లాగా.

రొంపిచెర్ల, నరసరావుపేట మండలాలు కలిపితే మనకి ఒక ఎమ్మెల్యే. అక్కడ మండలమంత దేశానికి 13 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఐదుగురు చొప్పున 65 మంది ఎంపీలు. ఓటు కూడా మనలా ఒక బటన్ నొక్కడం కాదు. అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని మీ ఇష్టం వరుసలో రాయాలి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేసినవాళ్లకి ఇది తెలుసు, అదే పద్ధతి.

లెక్క ఎట్టా అంటే, ఒక నియోజకవర్గంలో చెల్లిన ఓట్లు 24,000 అనుకుందాం. ఐదు సీట్లు. ఐదుకి ఒకటి కలిపి ఆరుతో భాగిస్తే 4,000, దానికి ఒకటి కలిపితే 4,001. ఇది కోటా. ఇన్ని వచ్చినవాళ్లు గెలిచినట్టే. ఎక్కువొచ్చిన ఓట్లు రెండో ప్రాధాన్యం ఉన్నవాళ్లకి వెళ్తాయి. అందరికన్నా వెనకున్నవాణ్ని తీసేసి వాడి ఓట్లు కూడా పంచుతారు. మీ ఓటు వృథా అయ్యే అవకాశం తక్కువ.

అయినా 1981లో పెద్ద గొడవ జరిగింది. నేషనలిస్ట్ పార్టీకి దాదాపు 51 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం లేబర్ పార్టీకి 34, వాళ్లకి 31. ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ దశాబ్దంలో కొట్లాటలు, కాల్పులు కూడా జరిగాయి. చివరికి 1987లో రెండు పార్టీలూ ఒప్పుకుని రాజ్యాంగం మార్చాయి: సగానికి పైగా ఓట్లు వచ్చిన పార్టీకి సీట్లు తక్కువైతే, అదనపు సీట్లు ఇచ్చి మెజారిటీ కల్పించాలి. అదే ఏడాది ఎన్నికల్లో ఆ రూల్ పనిచేసింది, ప్రభుత్వం మారింది.

మన దగ్గర 2024లో వైఎస్సార్సీపీకి 39 శాతం ఓట్లు వస్తే సీట్లు 175లో 11. ఏ పార్టీ వైపో మాట్లాడట్లేదు, పద్ధతి గురించి చెప్తున్నా. ఓట్లకీ సీట్లకీ మధ్య ఇంత తేడా ఉండాలా వద్దా అనేది ప్రజలు నిర్ణయించుకోవాల్సిన విషయం. మాల్టావాళ్లు కొట్టుకుని, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నారు. పోలింగ్ రోజు పల్నాడు పేరు వార్తల్లోకి ఎందుకొస్తుందో మనకి తెలుసు కదా, అందుకే ఈ కథ మనకి పనికొస్తుంది.

అంతా బాగుందని కాదు. ఊరంతా ఒకరికొకరు తెలిసిన చోట అవినీతిని ప్రశ్నించడం కష్టం. 2017 అక్టోబర్ 16న డాఫ్నే కరువానా గలీజియా అనే జర్నలిస్టుని కారులో బాంబు పెట్టి చంపారు. 2019 చివర్లో జనం రోజుల తరబడి రోడ్ల మీదకి వచ్చారు. 2020 జనవరిలో ప్రధాని జోసెఫ్ మస్కట్ దిగిపోయాడు. ఓటు వేయడంలో కూడా వాళ్లు గట్టోళ్లే. తప్పనిసరి కాకపోయినా 2022లో 85 శాతం పైగా వేశారు, వాళ్ల లెక్కలో అది తక్కువ! 2018 నుంచి 16 ఏళ్లకే ఓటు.

ఇప్పుడు వీసా. అక్కడ ఉద్యోగానికి ఇచ్చే కార్డు పేరు సింగిల్ పర్మిట్. అంటే ఉండటానికి, పనిచేయడానికి కలిపి ఒకే అనుమతి. అది మీ పేరుతో పాటు ఒక యజమానికి ముడిపడి ఉంటుంది. యజమాని మారాలంటే మళ్లీ అప్లికేషన్. ఉద్యోగం పోతే ఉండే హక్కు కూడా ప్రమాదంలో పడుతుంది. రెండోది, "మాల్టా కార్డుంటే యూరప్‌లో ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అనేది అబద్ధం. షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు, అంతే. ఇటలీలో పని చేయాలంటే ఇటలీ పర్మిటే కావాలి. మూడోది, ఏజెంటుకి మన విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే ఫీజు రూల్స్ ప్రకారం రూ.30,000, దాని మీద జీఎస్టీ. మీ దగ్గర నాలుగైదు లక్షలు అడుగుతున్నాడంటే ఆ మిగతా డబ్బు దేనికో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ పేరు, జీతం, పని గంటలు, అద్దె ఎవరు కడతారు, ఇవన్నీ కాగితం మీద కావాలి.

వెళ్లొద్దని నేను చెప్పట్లేదు. అక్కడ నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. పౌరుడికైతే ఆ చిన్న దేశంలో ఓటు బలంగా పనిచేస్తుంది, ఎంపీ పక్క వీధిలోనే ఉంటాడు. పర్మిట్ మీద వెళ్లిన మనకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. మన కష్టం అడగటానికి అక్కడ మన ఎంపీ ఎవరూ ఉండరు. మన చేతిలో ఉండేది సంతకం పెట్టిన కాంట్రాక్టు కాగితం ఒక్కటే. అందుకే పొలం తాకట్టు పెట్టేముందు ఆ కాగితం పూర్తిగా చదవండి, ఇంగ్లిష్ రాకపోతే చదివి చెప్పగలిగినవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో ఎవరికైనా ఇట్టాంటి మెసేజ్ వచ్చి ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. వచ్చే వారం ఇంకో దేశంతో కలుద్దాం. ఉంటా మరి.