వృద్ధసేవ

ఒక పల్లెలో 78 సంవత్సరముల వయసుగల అవ్వ కలదు. ఒకనాటి రాత్రి ఆమె మంచము దిగి పెరటివైపు పోబోయి, కన్నులు తిరిగి, గడపయొద్ద పడిపోయెను. అదృష్టవశమున ఎముకలు విరుగలేదు. మోచేయి మాత్రము గీచుకొనిపోయెను. చూడవచ్చిన ఇరుగుపొరుగువారు "వయసు మీరినది గదా! ముసలితనమున పడుట సహజమే" అని ఓదార్చి వెళ్లిరి.

అవ్వను నిత్యము కనిపెట్టియుండు కోడలికి ఆ మాటతో తృప్తి కలుగలేదు. రక్తపోటునకు వాడు మాత్రను మార్చి పదిదినములైనది. అప్పటినుండియే అత్తగారు మంచము దిగగానే గోడ పట్టుకొనుచున్నది. రాత్రి భోజనము సగము విడిచిపెట్టుచున్నది. ఈ మూడు సంగతులను ఆమె వైద్యునితో చెప్పెను. వైద్యుడు అవ్వను పరుండబెట్టి ఒకసారియు, నిలువబెట్టి మరల ఒకసారియు రక్తపోటును కొలిచెను. నిలుచున్న మూడు నిమిషములలోపల దాని పైసంఖ్య 20 గాని, అంతకుమించి గాని తగ్గినచో అది ప్రమాదసూచకము. అట్టివారికి మెదడునకు రక్తము చాలక కన్నులు తిరుగును. అవ్వకు జరిగినది అదియే. వైద్యుడు మాత్ర మోతాదును సరిచేయగా ఆ బాధ తగ్గెను. ఆమెను పడద్రోసినది వయసు గాదు, మందు.

ముసలితనము వేరు, రోగము వేరు. ఈ భేదమును లోకమునకు స్పష్టముగా చూపినవారిలో మార్జొరీ వారెన్ అను ఆంగ్ల వైద్యురాలు ముఖ్యురాలు. 1935వ సంవత్సరమున లండను నగర సమీపముననున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, దీర్ఘకాలముగా మంచము పట్టియున్న 700 మందికి పైగా రోగుల భారము ఆమెకు లభించెను. వారిలో పెక్కురు వృద్ధులు. వారికి అన్నము పెట్టి శుభ్రము చేయుటయే తప్ప, రోగమేమో విచారించినవారు లేరు. ఆమె ఒక్కొక్కరిని విడివిడిగా పరీక్షించి, తగిన చికిత్స చేయించి, లేవగలవారిని లేపి నడిపించెను. అనేకులు తిరిగి తమ యిండ్లకు చేరిరి. కదలక పడియుండుటవలన కండలు కృశించును, కీళ్లు బిగియును, వీపున పుండ్లు పడును, మనసు క్రుంగును. విశ్రాంతియని తలచినదే వృద్ధులకు రోగమగుట కలదు.

వృద్ధులకు రాగల ఆపదలను ముందుగా కనుగొనుటకు వైద్యులు కొన్ని సులభమైన పరీక్షలను ఏర్పరచిరి. 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు ఆరు పనులను గుర్తించిరి. స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయివచ్చుట, మంచము నుండి లేచుట, మలమూత్రములను ఆపుకొనగలుగుట, భుజించుట అనునవి ఆ యారు. నిన్నటివరకు తామే చేసికొన్న పనికి నేడు ఒకరి సాయము కావలసివచ్చినచో, దానికి కారణమును వెదకవలెను. మరియొక పరీక్షలో వృద్ధుడు కుర్చీ నుండి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండవలెను. ఇందుకు 12 సెకండ్లు గాని, అంతకుమించి గాని పట్టినచో పడిపోవు భయము కలదని తెలియును. ఈ పరీక్ష చేయునపుడు ఒకరు ప్రక్కననే నిలిచియుండవలెను.

పడుట చిన్న విషయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన అంచనా ప్రకారము పడుటవలన ఏటేట 6,84,000 మంది మరణించుచున్నారు. వారిలో అధికసంఖ్యాకులు 60 ఏండ్లు దాటినవారు. దీనిని నివారించు ఉపాయములు అనేకము ఇంటిలోనే యున్నవి. స్నానపుగదిలో నీరు నిలువరాదు. గోడకు పట్టుకొమ్మ అమర్చవలెను. రాత్రివేళ దారిలో చిన్న దీపము వెలుగవలెను. లేచువారు మంచముమీద కొంచెముసేపు కూర్చుండి పిదప నిలువవలెను. చూపు మందగించినదేమో కంటివైద్యునికి చూపవలెను. తెలివిగానున్న వృద్ధుడు ఒకటి రెండు దినములలోనే పొంతనలేక మాటలాడసాగినచో దానిని చాదస్తమని నవ్వరాదు; లోపల జ్వరమో, మూత్రదోషమో, మందుల వికారమో ఉండవచ్చును. వెంటనే వైద్యుని చూడవలెను.

ఇవన్నియు కనిపెట్టునది యెవరు? నెలకొకసారి చూచు వైద్యుడు గాదు. దినము దినము దగ్గరనుండు ఇంటివారు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా నుండిరి. కుమారులు ఉద్యోగములకై హైదరాబాదునకో, బెంగుళూరునకో, దేశాంతరమునకో పోగా, ఊరిలో వృద్ధుల భారము తరచుగా ఒక్కరి తలపైననే పడుచున్నది. ఆ యొక్కరు ప్రాయికముగా స్త్రీయే: భార్యయో, కూతురో, కోడలో. రాత్రి నిద్ర లేక, బరువులెత్తి నడుము నొచ్చి, పెండ్లికో పేరంటమునకో పోవ వీలులేక ఆమె క్రమముగా నీరసించును. అలసినవారికి విసుగు కలుగుట స్వభావము. ఆ విసుగునకు సిగ్గుపడి ఆమె నోరు విప్పదు. సేవచేయువారి భారమును కొలుచుటకు 1980లో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు ఒక ప్రశ్నావళిని రచించిరి. సేవచేయువారు కూలినచో సేవ పొందువారును కూలుదురు గదా!

తల్లిదండ్రుల పోషణమును సంతానమునకు విధిగా నిర్ణయించుచు భారత ప్రభుత్వము 2007లో శాసనము చేసినది. వృద్ధులకును, వారి కుటుంబములకును సలహాలొసగుటకు 14567 అను టెలిఫోను సంఖ్య ఏర్పడినది. ఇవి మేలైనవే. కాని శాసనము రాత్రి రెండు గంటలవేళ లేచి మంచినీరందింపజాలదు. ఆ పని ఇంటివారే పంచుకొనవలెను.

ఆనాడు వైద్యుడు అవ్వకు మందు వ్రాసి, కోడలివైపు తిరిగి, "అమ్మా! మీరు రాత్రి ఎన్ని గంటలు నిద్రించుచున్నారు?" అని అడిగెను. ఆమెకు వెంటనే మాట రాలేదు. ఆ యింటిలో ఎవరును అడుగని ప్రశ్న అది. ఆమె కన్నులు చెమర్చెను. ప్రక్కన నిలిచియున్న కుమారుడు, ఎనిమిదవ తరగతి చదువు బాలుడు, అది చూచెను. నాటినుండి సాయంకాలము ఒక గంట అవ్వను చేయిపట్టి వీధిలో నడిపించుట, ఆమెకు పత్రిక చదివి వినిపించుట అతని పనియైనది. రాత్రి కావలి వారమునకు మూడు దినములు తండ్రి వహించెను. అవ్వ నడక కుదుటపడెను. తల్లి ఆ గంటసేపు కన్నుమూసి విశ్రమించెను.